ముప్పై ఎనిమిది పళ్ళు

మార్చి 2

తమ్ముడికి,

నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమమో కాదో అడిగే ఓపిక నాకు లేదు.

ఉత్తరమేమిటి, ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నీ నంబరు ఆపేశాను. పోయినసారి మరదలి ఫోనులోంచి కూడా నువ్వే గొంతు చించుకున్నావు కాబట్టి, పాపం ఆమె నంబరు కూడా ఆపేశాను. ఫోనులో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

నాకు జ్వరమని తెలిసి వచ్చావు. రెండ్రోజులున్నావు. మందులు తెచ్చావు, కాదనను. కొత్త సాన రాయి బహుమానంగా తెచ్చావు, అదీ కాదనను. కానీ నేను ముసుగుతన్ని పడుకుంటే నా బ్యాటరీ సైకిలు బండి జోలికి ఎందుకు పోయావు? ఎవరినడిగి పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం విప్పావు?

నిన్న జ్వరం తగ్గి బండి బయటికి తీశాను. చాకలి షాపు దాకా బాగానే పోయింది, ఎప్పటికంటే జోరుగానే పోయింది. ఆస్పత్రి ఎత్తు మొదలయ్యేసరికి మోటారు మూలగడం మొదలుపెట్టింది. సగం ఎత్తులో దిగి, నలభై కిలోల బండిని చేత్తో తోసుకుంటూ పోయాను. పూలకొట్టామె చూసి నవ్వింది. మధ్యాహ్నానికే బ్యాటరీ సగానికి పడిపోయింది. సాయంత్రం దాకా వచ్చే బ్యాటరీ!

ఇంటికొచ్చి చాక్‌పీసుతో ఒక పన్ను మీద గీత గీసుకుని లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై ఎనిమిదే. నా పాత చక్రానికి ముప్పై ఎనిమిది పళ్ళు. పాతది ఎక్కడా కనపడలేదు. సంచీలో వేసుకుపోయావన్నమాట.

ఆ బండి నేను షికార్లకి కొనుక్కోలేదు. కత్తులకీ కత్తెరలకీ సాన పట్టుకుంటూ పదిహేను వీధులు తిరుగుతాను. నా కొట్టు అదే, నా కాళ్ళూ అదే. ఒకరి పనిముట్టు ముట్టుకోవాలంటే అడగాలని నాన్న నీకు చెప్పలేదా, చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశావా?

నా చక్రం నాకు పంపించు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ రాయక్కర్లేదు.

ఇంకా అక్కనే కాబట్టి,
అక్క

మార్చి 6

అక్కకి,

ఉత్తరం అందింది. ఒక్క ముక్క ఎక్కువ రాయొద్దన్నావు కాబట్టి రెండు పేజీలు రాస్తున్నాను.

నేను తెచ్చింది బజార్లో కొన్న చక్రం కాదు. మా వర్క్‌షాపులో మూడు ఆదివారాలు కూర్చుని, మా ఫోర్‌మన్‌ని బతిమాలి, పళ్ళు కోసే మిషన్ మీద నా చేతుల్తో కోసింది. ఒక్కో పన్నూ ఆకురాయితో నునుపు చేశాను. చైనుకి ఆరు లింకులు కలిపాను. నువ్వు నిద్ర లేచి చూసుకుని సంతోషిస్తావనుకున్నాను. నాదీ ఒక తెలివే!

ఎందుకు మార్చానో విను. పోయిన ఏడాది నేను వచ్చినప్పుడు నువ్వు ఆ బండి మీద సందు చివర మందుల షాపుకి బయల్దేరావు. కాళ్ళు గిరగిరా తిప్పుతున్నావు, బండి మాత్రం పక్కన నడిచేవాడితో సమానంగా పోతోంది. చూడలేకపోయాను. ముందు చక్రం పెద్దదైతే ఒక్క తొక్కుకి వెనక చక్రం ఎక్కువ తిరుగుతుంది, బండి ఎక్కువ దూరం పోతుంది. మీ ఊరంతా చదునే, ఆ ఒక్క ఆస్పత్రి ఎత్తు తప్ప. దాని కోసం వెనక చక్రానికి చిన్నా పెద్దా ఏడు పళ్ళ చక్రాలు, అదే పళ్ళేలు, ఇచ్చారు. ఎత్తు వచ్చినప్పుడు పెద్ద పళ్ళెం మీదకి మార్చుకుంటే మోటారు మూలగదు, బ్యాటరీ చావదు. కానీ నువ్వు మారుస్తావా? వెనక మూడో పళ్ళెం దగ్గర తెల్ల రంగు చుక్క పెట్టుకున్నావు. అక్కడ పెట్టి వదిలేస్తావు. మిగతా ఆరూ చూసుకోడానికా? ఆ చుక్క చూసి నాకు నవ్వు ఆగలేదు.

పాత చక్రం అడగకు. పళ్ళన్నీ అరిగి కొక్కేల్లా వంగిపోయాయి. అది మళ్ళీ వేస్తే చైను తెగి రోడ్డు మీద పడతావు.

నాన్న చెప్పలేదా అని అడిగావు. నాన్న నాకు చెప్పింది ఒక్కటే, తొక్కమని. గడియారం ఒక్కసారి టిక్కుమంటే ఒక్క తొక్కు. మీరిద్దరూ కత్తులకి సాన పడుతుంటే, రాయి తిప్పే నాన్న స్టాండు మీద కాలితో పదేళ్ళు తొక్కాను. మిగతావన్నీ నీకే చెప్పాడు.

కొత్త రాయి ఎలా ఉందో ఒక్క మాట రాయలేదు. నీ నోట మంచి మాట రావాలంటే ఇంకెన్ని జన్మలెత్తాలో.

తమ్ముడు

మార్చి 11

తమ్ముడికి,

కొత్త రాయి ఎలా ఉందని అడిగావు కదా, చెబుతాను. కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు.

టైలరు మాస్టారి పెద్ద కత్తెర తగలబెట్టింది నీ రాయి.

ఆ కత్తెర ఆయన గురువుగారు ఇచ్చింది. నలభై ఏళ్ళుగా అదే వాడుతున్నాడు, ఇంట్లోవాళ్ళని కూడా ముట్టుకోనివ్వడు. పద్దెనిమిదేళ్ళుగా నాకు మాత్రం ఇస్తాడు. మొన్న ఎప్పటిలాగే ఆయన షాపు ముందు రేకు కింద బండి ఆపి, నీ రాయి మీద పెట్టాను. రెండుసార్లు లాగానో లేదో, రాయి కీచుమని కూత పెట్టింది, నిప్పురవ్వలు ఎప్పుడూ లేనంత లేచాయి. తీసి చూస్తే అంచు నీలం తిరిగింది. ఉక్కు వేడెక్కి నీలం తిరిగితే అక్కడ ఇక పదును నిలవదు. నీకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మాస్టారు అరవలేదు. అరిచినా బావుండేది. కత్తెర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, నీ చెయ్యి కదా అని ఇచ్చాను," అన్నాడు. అంతే. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన షాపులో పన్నెండు కత్తెరలున్నాయి. ప్రతి నెలా నేనే చూస్తాను. ఆ వీధిలో హోటలువాళ్ళు, మంగలి షాపువాళ్ళు, అందరూ ఆయన ఇచ్చాడని నాకిచ్చినవాళ్ళే. నెలాఖరుకి పన్నెండూ మునుపటిలా చేసి చూపించు, కాకపోతే కరెంటు మిషన్ షాపువాడికి ఇచ్చేస్తాను అన్నాడు. ఆయన వెళితే వీధంతా వెళుతుంది. అప్పుడు నేను ఏం చెయ్యాలి? నీ చక్రం మెళ్ళో వేసుకుని ఊరేగనా?

అరిగిపోయిన చక్రమే కావాలి నాకు. నా అరుగుదల నేను పడతాను, పంపించు. నీ రాయి కూడా నువ్వే తీసుకుపో. ఎక్కడ కొన్నావో గానీ, అది సాన రాయి కాదు, కొరివి.

ఇంకో మాట. పదేళ్ళు తొక్కానని రాశావు. తొక్కలేక కదా పద్దెనిమిదో ఏట సంచీ సర్దుకుని వర్క్‌షాపుకి పారిపోయావు? నాన్న ఆ రోజు స్టాండు ముందు కూర్చుని, ఎవరు తొక్కుతారే ఇక అని నన్నడిగాడు. అప్పట్నుంచీ తొక్కేదీ నేనే, పట్టేదీ నేనే. పారిపోయినవాడివి నాకు గేర్లు నేర్పించకు.

అక్క

మార్చి 15

అక్కకి,

ఆ రాయి నాసిరకం కాదు. మా వర్క్‌షాపులో అదే రకం వాడతాం. దాని మీద ఎంత వేగం దాకా తిప్పొచ్చో కాగితం అంటించి ఉంటుంది, చదివావా? చదవవు. నాన్న స్టాండు మీద కాలితో తొక్కితే ఆ వేగంలో సగం కూడా రాదు. ఆ స్టాండు వేగం నాకు కాళ్ళలో ఉంది, నువ్వు నాకు చెప్పక్కర్లేదు. వరండాలో అది గుడ్డ కప్పి ఉండడం నేను చూశాను కూడా. ఆ వేగంలో ఏ రాయీ ఉక్కుని కాల్చదు.

అంటే ఏమిటి? రాయి కాల్చలేదు. నువ్వు కాల్చావు. కత్తెరని అదిమి పట్టి ఉంటావు. కోపం వచ్చినప్పుడు నీ చెయ్యి ఎంత బరువో చిన్నప్పట్నుంచీ నా వీపుకి తెలుసు. నీకు యాభై నాలుగేళ్ళొచ్చాయి, జ్వరంలోంచి లేచావు. చేతికి మునుపటి తేలిక పోయిందని ఒప్పుకోవడానికి ఏం పోయింది? తప్పు నీది, తిట్లు నాకు. మన ఇంట్లో ఇది కొత్త కాదు.

పాత చక్రం స్క్రాపులో వేశాను. ఈపాటికి కరిగి ఇంకేదో అయి ఉంటుంది. ఇక అడగకు.

నేను రాలేను కూడా. నీ మరదలికి కంటి ఆపరేషన్ అయింది. రోజుకి ఆరుసార్లు కట్టు ఎత్తి చుక్కలు వెయ్యాలి, తను వంగకూడదు, బరువెత్తకూడదు. నువ్వు నంబరు ఆపేశావు కాబట్టి నీకు తెలీదు. తను మాత్రం వదిన ఎలా ఉందని అడుగుతూనే ఉంది. బాగానే తిడుతోంది అని చెప్పాను.

పారిపోయానన్నావు. ఎందుకు పోయానో నువ్వు ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా అడిగావా? అడగవు. నీకన్నీ ముందే తెలుసు.

తమ్ముడు

మార్చి 20

నీకు,

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. బరువెక్కిన చెయ్యి కదా.

ఎంత మాటన్నావురా! ముప్పై ఏళ్ళుగా ఒక్కళ్ళ చేత కూడా మాట పడని చెయ్యి ఇది. కళ్ళు మూసుకుని వెంట్రుక తెగేలా పదును తెస్తాను. ఒక్క రోజు సాన పట్టనివాడివి, ఒక్క కత్తి పట్టుకోనివాడివి, నువ్వా నా చేతికి వంక పెట్టేది?

అన్నీ తెలిసినట్టు నాన్న స్టాండు వేగం గురించి ఉపన్యాసం ఇచ్చావు. నవ్వొచ్చింది. ఆ స్టాండు నేను ముట్టుకుని మూడేళ్ళయింది! దాన్ని భుజాన మోసుకుని తిరిగే వయసు నాది కాదని నాకూ తెలుసు. అందుకే బండి వెనక చక్రానికే రోలరు తగిలించుకున్నాను. బండి స్టాండు వేసి వెనక చక్రం నేల మీంచి లేపుతాను. టైరు రోలరుని తిప్పుతుంది, రోలరు సాన రాయిని తిప్పుతుంది. నేను సీటు మీద వెనక్కి తిరిగి కూర్చుని, మోటారుని తక్కువ అంకె మీద పెట్టి, పెడలు తొక్కుతూ పని చేసుకుంటాను. వెల్డింగు షాపులో నిలబడి నేనే చెప్పి చేయించాను. నువ్వు వస్తున్నావని తెలిసి ఆ సరంజామా అంతా మంచం కింద దాచాను. చూస్తే ఎగతాళి చేస్తావని. చుక్క చూసే అంత నవ్వినవాడివి!

ఆ తెల్ల చుక్క ఊరికే పెట్టుకోలేదు. వెనక మూడో పళ్ళెం మీద పెట్టి, నాన్న చెప్పినట్టు గడియారానికి ఒక్క తొక్కు తొక్కితే రాయి నాన్న స్టాండు మీద తిరిగినట్టే తిరుగుతుంది. నాలుగు రోజులు ప్రయత్నించి కనిపెట్టాను. చేతి గడియారం విప్పి ఎదురుగా వెనక క్యారియరుకి కట్టుకుని తొక్కుతాను. ఒక్క టిక్కు తేడా రాదు. మూడేళ్ళలో ఒక్క బ్లేడు కాలలేదు. నీ రాయి ఎక్కించాకే కాలింది. ఇప్పుడు చెప్పు, చెయ్యి తప్పా, రాయి తప్పా?

అందుకే నీ రాయి పీకి పెరట్లో పారేశాను. నాన్న రాయి మళ్ళీ ఎక్కించాను. మంచి మనిషి వాడిన రాయి. నిన్న రెండు వంటకత్తులు పట్టి చూశాను. అదీ కొంచెం కూత పెడుతోంది గానీ, రెండు వారాలు పక్కన పడి ఉంది కాబట్టి అలకలే అనుకున్నాను. ఎల్లుండి నుంచి మాస్టారి పన్నెండు కత్తెరలూ దాని మీదే పడతాను. నెలాఖరుకి ఆయన చేతిలో పెట్టి, నీ రాయి సంగతి వీధిలో అందరికీ చెబుతాను.

మరదలి కన్ను జాగ్రత్త. చుక్కలు వేసేటప్పుడు చేతులు కడుక్కో, ఆ వర్క్‌షాపు నూనె చేతుల్తో వెయ్యకు. ఆమెతో నాకు గొడవ లేదు.

నీతో ఉంది. ఇక ఉత్తరం రాయకు. రాస్తే తెరవను, వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి పంపుతాను. నా గుమ్మంలో కాలు పెడితే చీపురు తిరగేస్తాను.

ఒకప్పటి అక్క

మార్చి 23

అక్కా,

ముందు రాయి ఆపు. తిట్టుకోవడం తర్వాత. ఇది చదువుతున్న చోటే ఆగి, బండి దగ్గరికి వెళ్ళి నాన్న రాయి విప్పి పక్కన పెట్టు. పెట్టాక మిగతాది చదువు.

పెట్టావా?

నీ ఉత్తరం ఇందాకే అందింది. నువ్వు బండితో సాన పడుతున్నావని నాకు తెలీదు. తెలిస్తే ఆ చక్రం ముట్టుకునేవాణ్ణి కాదు. నీ కాళ్ళు గడియారం ప్రకారమే తొక్కుతున్నాయి, నీ తెల్ల చుక్క కూడా సరైనదే. కానీ అదంతా ముప్పై ఎనిమిది పళ్ళకి సరైనది. నేను నలభై ఎనిమిది వేశాను. ఇదివరకు రాయి నాలుగు చుట్లు తిరిగే చోట ఇప్పుడు అయిదు తిరుగుతోంది. నీ కాళ్ళకి తెలియదు, మోటారు ఆ బరువు తీసుకుంటోంది. కత్తెర అందుకే కాలింది. నీ చెయ్యి కాదు, కొత్త రాయి కాదు. నా చక్రం.

కాలిపోవడం పెద్ద సంగతి కాదు. వేగం పావు వంతు పెరిగితే రాయిని చీల్చే బలం సగానికి పైగా పెరుగుతుంది. కొత్త రాయి తట్టుకుంటుంది. నాన్న రాయి తట్టుకోదు. దానికి ఇరుసు కన్నం పక్కన వెంట్రుకంత బీట ఉంది. పోయిన ఏడాది వచ్చినప్పుడు, నాన్న చేసేవాడు చూడు, అలా కొయ్య పిడితో తట్టి విన్నాను. మంచి రాయి గణగణ మోగుతుంది, ఇది మోగలేదు. చచ్చిన చప్పుడు వచ్చింది. అందుకే ఈసారి కొత్త రాయి మోసుకొచ్చాను. బీట సంగతి నీకు చెప్పలేదు. చెబితే నాన్న రాయికి వంక పెడుతున్నావని మీద పడతావు, ఎందుకొచ్చిన గొడవ అని నోరు మూసుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

నీకు ఫోను చేశాను, పోలేదు. వర్క్‌షాపు ఫోను నుంచి చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. మా ఫోర్‌మన్ చేత చేయిస్తే "వాడు చెప్పమన్నాడా?" అని అడిగి పెట్టేశావట. ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. నీ మరదల్ని ఒంటరిగా వదిలి రాలేను, ఇంకా కట్టు కూడా విప్పలేదు. ఈ ఉత్తరం తప్ప నాకు దారి లేదు.

పాత చక్రం స్క్రాపులో వెయ్యలేదు. ఒళ్ళు మండి అలా రాశాను. నా బెంచీ సొరుగులో ఉంది.

ఇంకొకటి కూడా రాసేస్తాను, మళ్ళీ ధైర్యం ఉండదు. నేను తొక్కలేక పోలేదక్కా. తొక్కడం నాకేమీ కష్టం కాలేదు. ఎనిమిదో ఏట నుంచి పద్దెనిమిదో ఏట దాకా ఆ స్టాండు వెనక కూర్చుని నీ చేతులే చూశాను. ఈ ఏడాది నాకు కత్తి ఇస్తాడు, వచ్చే ఏడాది ఇస్తాడు అనుకునేవాణ్ణి. ఒకసారి అడిగాను కూడా. "అక్క ఉందిగా, నువ్వు తొక్కు," అన్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు, నవ్వావు. ఆ వారమే వర్క్‌షాపులో పని వెతుక్కున్నాను. ఇప్పటికి వేల పళ్ళు కోశాను. ఒక్క కత్తెరకి కూడా పదును పట్టలేదు. నీ మీద నాకున్న కోపం అంతా అదే. రాసేసరికి ఎంత చిన్నదిగా ఉందో చూడు.

రాయి ఆపానని ఒక్క ముక్క రాయి. తిట్లతోనే రాయి.

తమ్ముడు

మార్చి 31
(పోస్టుకార్డు)

అక్కా, నా ఉత్తరం తెరవకుండా తిరిగొచ్చింది. ఈ కార్డుకి కవరు లేదు, నువ్వు చదవకపోయినా మీ పోస్ట్‌మ్యాన్ చదువుతాడు. పోస్ట్‌మ్యాన్ గారూ, దయచేసి ఆమెకి గట్టిగా చదివి వినిపించండి. నాన్న రాయి తిప్పకు. దానికి బీట ఉంది. నేను మార్చిన చక్రం వల్ల రాయి పావు వంతు ఎక్కువ వేగంతో తిరుగుతోంది, పగిలిపోతుంది. మాస్టారి కత్తెర కాలింది కూడా నా చక్రం వల్లే, నీ చేతి వల్ల కాదు. పాత చక్రం నా దగ్గరే ఉంది. నీ మరదలి కంటి కట్టు ఎల్లుండి విప్పుతారు. ఆ తర్వాత వస్తాను, చీపురు సిద్ధంగా పెట్టుకో.

ఏప్రిల్ 5

తమ్ముడికి,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. ఎడం చేత్తో రాస్తున్నాను. పొద్దుట్నుంచీ రాస్తున్నాను.

కార్డు అందింది. పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా చదివాడు. మధ్యలో ఆపి, నా చేతి కట్టు చూసి, మిగతాది మెల్లగా చదివాడు.

రాయి ఇరవై ఎనిమిదో తారీఖున పగిలింది. మాస్టారి షాపు రేకు కింద, తొమ్మిదో కత్తెర దగ్గర. ఎనిమిది బాగానే వచ్చాయి, నెమ్మదిగా, తేలిగ్గా పట్టుకున్నాను కాబట్టి. కూత ఎక్కువైంది. ఎక్కించే ముందు నాన్నలా నేను కొయ్య పిడితో తట్టాను. మోగలేదని నాకూ తెలిసింది. నీ రాయి మళ్ళీ ఎక్కించడం కంటే అదే నయం అనుకున్నాను. చూశావా నా బుద్ధి! ఒక ముక్క పోయి షాపు తలుపు చెక్కలో దిగబడింది. ఇంకొకటి నా కుడి చేతికి తగిలింది. చూపుడు వేలు, మధ్య వేలు, రెండూ విరిగాయి. కొంచెం వంగి ఉంటే ముఖానికి తగిలేది. మాస్టారు పరుగెత్తుకొచ్చి కట్టు కట్టడానికి గుడ్డ కత్తిరించబోయాడు. కంగారులో చేతికి ఆ నీలం తిరిగిన కత్తెరే దొరికింది. తెగలేదు. నోటితో చింపాడు.

ఆరు వారాలు ఏమీ పట్టుకోకూడదట. ఆ తర్వాత కూడా వేళ్ళు పూర్తిగా ముడుచుకుంటాయో లేదో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆయనకి చాలా తేలిక ఆ మాట అనడం. నేను ఆ రోజు ఇంటికొచ్చి, తలుపేసుకుని, ఎప్పుడూ ఏడవనంత ఏడ్చాను.

నీ ఉత్తరం ఇరవయ్యారో తారీఖున వచ్చింది. రెండ్రోజుల ముందు. కవరు మీద నీ చేతిరాత చూసి, వెనక్కి పంపెయ్ అన్నాను. "వద్దమ్మా, మీద అత్యవసరమని మూడుసార్లు రాశారు," అన్నాడు పోస్ట్‌మ్యాన్. వాడికన్నీ అత్యవసరమే అన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున లేవగానే ఆ మాటే గుర్తొస్తోంది. అలా అని నిన్ను వదిలేస్తాననుకోకు. అడక్కుండా చక్రం మార్చింది నువ్వు. బీట ఉందని తెలిసీ నోరు మూసుకున్నది నువ్వు. వేళ్ళు పోయింది నావి. నేను ఈ జన్మకి మర్చిపోను, నువ్వు కూడా మర్చిపోకు.

సరే, పని సంగతి. మాస్టారికి కార్డు చూపించాను. రెండుసార్లు చదివాడు. ఇరవయ్యో తారీఖు దాకా ఆగుతానన్నాడు. నాలుగు కత్తెరలు మిగిలాయి, వాటిలో ఒకటైన ఆ నీలం దాన్ని కూడా ఏదో ఒకటి చెయ్యాలి. అంచు బియ్యపు గింజంత వెనక్కి అరగదీస్తే కింద మంచి ఉక్కు ఉంటుందనుకుంటున్నాను. నేనే పట్టాలని అడగలేదాయన. ఎవరు పట్టినా తన కళ్ళ ముందు పట్టాలి, తను చూసి సరే అనాలి అన్నాడు.

పెరట్లో పారేసిన నీ రాయి పూలకొట్టామె చేత లోపలికి తెప్పించి తట్టి చూశాను. మోగింది. కాగితం మీద వేగం కూడా చదివాను, సంతోషమా? నాన్న స్టాండు వరండాలోంచి తీయించి తుడిపించాను. ఆ రాయి దానికి సరిపోతుంది. బండి సంగతి తర్వాత, ముప్పై ఎనిమిది పళ్ళతో కొత్త చక్రం కోసుకురా, అంతవరకు నీ నలభై ఎనిమిది అలాగే ఉండనీ.

మరదల్ని కూడా తీసుకురా. పని చెప్పను, కూర్చోబెడతాను. ఆ తిరిగొచ్చిన కవరు కూడా తీసుకురా. అందులో కూడా నన్ను తిట్టే ఉంటావు, అయినా చదువుతాను. చింపావో, ఎడం చేత్తోనైనా నాలుగు తగిలిస్తాను.

నా కాళ్ళకి ఏమీ కాలేదు. గడియారం టిక్కుమంటే ఒక్క తొక్కు, అది నేను చూసుకుంటాను. కత్తెర పట్టుకోవడం నీకు మొదట్నుంచీ ఇష్టం లేదని తెలుసు, ఒక్కరోజు కూడా దగ్గరికి రాలేదు. అయినా తప్పదు. ఈసారి నేను తొక్కుతాను, నువ్వే పట్టుకోవాలి.

అక్క